ఉప్పు నడిచిన దారి

నర్సింహులపేట
ఫిబ్రవరి 6

మరిది మధుకర్‌కు సోమక్క దీవెనలు.

ఫోను చేస్తే ఎత్తవు. శ్రేయను అడిగితే "నాన్న ఎవ్వరిదీ ఎత్తుతలేడు పెద్దమ్మా" అన్నది. కన్నబిడ్డదే ఎత్తనోడివి వదినది ఎత్తుతవా? అందుకే రాస్తున్న. చెల్లెకు రాసినట్టే రాస్తున్న. తప్పులుంటే సదురుకో.

దీనెంబడి ఒక సీసా వస్తది. తొర్రూరు బస్టాండుల కార్గోకు ఇస్తున్న. లోపల మా బావి నీళ్లు. మూత తీసి వాసన చూసి ఏందో చెప్పు. భూమిల నీళ్ల సంగతి చూసే ఆఫీసుల అంత కాలం చేసినవు, నీకు తెల్వకుంటే ఎవ్వరికి తెలుస్తది?

నెల సంది బర్రె నీళ్లు ముడుతలేదు. గోళెంల మూతి పెడ్తది, తల విదిలిస్తది. పసుల డాక్టరు నాలుక చూసిండు, కడుపు ఒత్తి చూసిండు, సూది పొడిచి పోయిండు. పక్కింటోళ్ల గోళెం కాడికి తోలితే గటగట తాగింది. అప్పుడు నాకు సమజైంది, రోగం బర్రెకు కాదు, నీళ్లకని. బావి గడ్డ మీదికి పోయి చూసిన. నీళ్ల మీద నెమలీక రంగులు తేలుతున్నయి. మిరపతోటల అడుగాకులు పసుపెక్కినయి. గంగమ్మకు బోనం పెట్టలేదంటే అదీ పెట్టిన. బోనం తిన్నంక కూడ గంగమ్మ కాడ అదే వాసన.

ఈ బావి మా నాయిన తవ్వించిండు. కొడుకులు లేక నాకు ఇల్లరికం తెచ్చి ఈ బావి నా చేతిల పెట్టిండు. నల్లా రాని నాడు మా వాడకట్టంత దీని మీదనే బతుకుతది.

నా కొడుకు రంజిత్ పెట్రోలు బంకు మంచిగనే నడుస్తున్నది. బంకుల పనిచేసే ఎల్లేశ్‌ను తీసేసిండు. రాత్రి కర్ర ముంచి చూసినంత పెట్రోలు పొద్దుగాల టాంకుల ఉంటలేదట, ఆడే అమ్ముకుంటుండని. నాకైతే నమ్మబుద్ధి కాలే. కొడుకు యాపారంల నేనెందుకు చెయ్యి పెట్టాలె అని ఊకున్న.

తింటున్నవా? చెల్లె ఉంటే ఈ సీసా దానికే పంపుదు.

సోమక్క


జనగామ
ఫిబ్రవరి 12

వదినకు నమస్కారం.

సీసా పగలకుండా చేరింది. మూత తీశాను. పెట్రోలు. నాకు అనుమానం లేదు, అయినా కొంత ల్యాబుకు పంపాను.

ఆ నీళ్లు ఎవరూ తాగవద్దు. వంటకు, స్నానానికి కూడా వద్దు. మిరపకు పెట్టవద్దు. బావి దగ్గర బీడీ, అగ్గిపుల్ల, దీపం ఏదీ వద్దు. బోనం మీది దీపం కూడా.

బర్రె సరిగ్గానే చెప్పింది.

ఇవి తెలియాలి. బంకు బావికి ఎంత దూరం? మిట్టన ఉందా, పల్లంలోనా? దగ్గరలో ఇంకెవరి బావులున్నాయి, వాటి నీళ్లు ఎలా ఉన్నాయి? ఎల్లేశ్‌ను తీసేశాక టాంకులో తక్కువ రావడం ఆగిందా?

తింటున్నాను.

మధుకర్


నర్సింహులపేట
ఫిబ్రవరి 21

మరిదికి,

బావి సంగతి అడిగితే బంకు మాట ఎత్తినవేంది? బంకు రోడ్డు మీద, పల్లంల ఉన్నది. బావి మిట్టన. నడుమ మా రెండు మడికట్లు, ఒక చింతచెట్టు. నీ ఉత్తరం రంజిత్‌కు చదివి వినిపించిన. "నీళ్లు మిట్టకు ఎక్కుతయా అమ్మా? చిన్నాయిన గిదేనా చదివింది?" అన్నడు. అడిగింది తప్పేం కాదు, జవాబు నువ్వే చెప్పు.

బంకుకు ఇంకా పల్లంల మంగ్యా బావి ఉన్నది, సాయిలు బావి ఉన్నది. రెండిట్ల నీళ్లు రెండు సీసాలల్ల పంపుతున్న. మంగ్యా నా ముంగటనే దోసిలితోని తాగి "తియ్యగున్నయక్కా, నీ కొడుకు బంకు చల్వ" అన్నడు. ఎక్కిరిస్తుండు.

ఎల్లేశ్ సంగతి అడగకు.

ఇగ అసలు సంగతి విను. బావి పూడ్చాలంటున్నరు. ఎవడన్న అగ్గిపుల్ల ఏస్తే వాడకట్టు అంటుకుంటదని పంచాయతీల మాటయింది. రంజిత్ లేసి "జేసీబీ నేనే తెస్త, వానలు పడకముందే పూడుస్త" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. తల్లి బావి పూడుస్తనంటే కొడుకుకు చప్పట్లు. నేను లేసి వచ్చిన.

పూడ్చినంక మళ్ల బావి తవ్వేటోడు ఉన్నడా ఈ కాలంల? నువ్వొచ్చి ఒక్కపారి కండ్లతోని చూడు. చెల్లె దినాలైనంక నిద్రకని తోలుకొస్తే ఒక్క రాత్రి మంచం మీద కూసొని తెల్లారంగనే బస్సెక్కినవు. మళ్ల ఈ గడప తొక్కలే.

సోమక్క


జనగామ
మార్చి 4

వదినకు,

మంగ్యా బావి, సాయిలు బావి రెండూ శుభ్రంగా ఉన్నాయి. మీ బావి నీళ్లలో పెట్రోలు ఉందని ల్యాబు చెప్పింది.

రంజిత్ అడిగినదానికి జవాబు. భూమి పై వాలు వేరు, లోపలి వాలు వేరు. మీ మోటారు నడిచినంతసేపు బావిలో మట్టం దిగుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న నీళ్లకు బావే పల్లం. పైన మనకు మిట్టగా కనబడుతున్నది కింద వాటికి గుంత. నీళ్లు ఎక్కడం లేదు, దిగుతున్నాయి.

అయినా అంతటితో లెక్క తేలడం లేదు. మీది రాతినేల. పైన ఎర్రమట్టి, దాని కింద మెత్తబడ్డ రాయి, ఆ కింద గట్టి రాయి. గట్టి రాతిలో నీళ్లు చీలికల్లోనే ఉంటాయి, గోడ బీటల్లో తడి ఉన్నట్లు. బంకు టాంకు పైమట్టిలో ఉంటుంది. అది కారితే ముందు పల్లం బావులకు తెలియాలి. తెలియలేదు. అంటే పెట్రోలు పైమట్టిలో పక్కకు పారలేదు. నేరుగా కిందికి దిగి, చీలిక పట్టుకుని మీ దగ్గరకు వచ్చింది. అలా దిగడానికి ఒక రంధ్రం కావాలి.

బంకు కట్టకముందు ఆ జాగాలో ఏముండేది? తవ్వినది, పూడ్చినది ఏమైనా ఉందా? మీ బావి గోడలో అడ్డంగా వేసిన బోరు ఏ దిక్కుకు పోతుంది?

బావి పూడ్చనివ్వకండి. పూడిస్తే పెట్రోలు ఆగదు. దారి మార్చుకుని ఇంకొకరి బావికి పోతుంది. ఈ మాట పంచాయతీలో చదివి వినిపించండి.

రావడం ఇప్పుడు వీలు కాదు.

మధుకర్


నర్సింహులపేట
మార్చి 15

మరిదికి,

నీ ఉత్తరం చదివించిన. ఇంకొకరి బావికి పోతది అన్న కాడ మంగ్యా ఎక్కిరిచ్చుడు బంజేసిండు. వానలు పడేదాంక ఆగుతమన్నరు. అప్పటిదాంక నువ్వు ఏం తేలుస్తవో తేల్చు, లేకుంటే పూడుస్తరు.

నువ్వు అడిగిన రంధ్రం ఉన్నది. నీకు రాయొద్దనుకున్న. రాస్తున్న.

మీ పెండ్లికి ముందటేడు కరువు. బావిల బొక్కెన మునుగుతలేదు. నాయిన బోరు ఏయిస్తనన్నడు. జాగ చూపేటందుకు మనిషి వచ్చిండు. "ఓ పాజిటివ్ రక్తమున్నోళ్లు ఇంట్ల ఎవరన్న ఉన్నరా? కొబ్బరికాయ వాళ్ల చేతిల మంచిగ లేస్తది" అన్నడు. చెల్లె అప్పుడు హన్మకొండల డిగ్రీ చదువుతుండె, కాలేజీల రక్తమిచ్చిన కార్డు దాని కాడ ఉండె. సెలవులకు వచ్చిందాన్ని పట్టుకొని అరిచేతిల కొబ్బరికాయ అడ్డం పెట్టిచ్చి చెల్కంత నడిపిచ్చిన్రు. రోడ్డు పక్కకు రాంగనే కాయ నిటారుగ లేసి నిలవడ్డది. నేను చూసిన. "అక్కా, నేను లేపుతలేను, అదే లేస్తున్నది" అన్నది.

అక్కడనే బోరేసిన్రు. పొద్దుమీకేదాంక దుబ్బే లేసింది. ఊరంత తెల్లగైంది, చుక్క నీళ్లు పడలే. బండోడు పోంగ పోంగ కేసింగు పైపు గుంజుకొని పోయిండు, ఇంకో ఊళ్లె ఏసేటందుకు. రంధ్రం మీద ఒక బండ కప్పి మట్టి ఏసినం. కాయ కొట్టలే. నీళ్లు పడితెనే కొడ్తరు గద.

అప్పటిసంది ఎండిన బోరు ఏ ఊళ్లె కనవడ్డా చెల్లె పేరు పెట్టి "సునంద బోరు" అనుడు అలవాటైంది మాకు. మీ పెండ్లిల మా చిన్నాయిన "నీళ్ల ఆఫీసరుకు ఎండిన బోరునిచ్చి పెండ్లి చేస్తున్నం" అన్నడు, యాదికున్నదా? పందిరంత నవ్విన్రు. అది గూడ నవ్వింది.

తర్వాత బావిల అడ్డబోరు ఏయిస్తే నీళ్లొచ్చినయి. అడ్డబోరు మూతి రోడ్డు దిక్కుకే.

ఆ రోడ్డు పక్కనే రంజిత్ బంకు కట్టిండు. బోరు మీద బండ ఎక్కడున్నదో వానికి తెల్వది, నాకు తెలుసు. గాలి మిషను పక్కన, పరిచిన బండల కింద. టాంకు గుంత దానికి ఆనుకొనే తవ్విన్రు.

ఒకదిక్కు కొడుకు బంకు. ఒకదిక్కు చెల్లె పేరు. రెండు కలిసి మా నాయిన బావిని ఖరాబు చేసినయని నా చేతితోని ఎట్ల రాయాలె? అందుకే ఇన్ని దినాలు రాయలే.

సోమక్క


జనగామ
మార్చి 23

వదినకు,

ఆ బోరు సంగతి సునంద నాకు చెప్పలేదు. పెళ్లిలో ఆ మాట విన్నాను. ఏదో సరసం అనుకున్నాను.

చేయవలసింది రాస్తున్నాను. రంజిత్ ఒప్పుకోకుండా ఏదీ చేయవద్దు. అది అతని చోటు.

బంకు ఒక రోజు పూర్తిగా మూసెయ్యాలి. కరెంటు తీసెయ్యాలి. దగ్గరలో బండి స్టార్టు చేయకూడదు. సెల్‌ఫోన్లు దూరంగా పెట్టాలి. బండలు చేత్తోనే లేపాలి, గడ్డపార నిప్పు రవ్వ కొట్టకుండా నీళ్లు పోస్తూ. బోరు తెరిచాక దాని మీది గాలి వీచే వైపు నిలబడవద్దు.

తరువాత దొడ్డు ఉప్పు నీళ్లలో కరిగించి ఆ బోరులో పోయాలి. మీ బావి మోటారు మామూలుగా నడుస్తూ ఉండాలి, కానీ స్టార్టరు డబ్బా ముందు బావికి దూరంగా మార్చండి. వచ్చే నీళ్లు చేనుకు వదలకండి. గుంతలో టార్పాలిన్ పరిచి అందులో పట్టండి.

అడ్డబోరు మూతి దగ్గర, పొద్దున ఒక సీసా, సాయంత్రం ఒక సీసా తాడు కట్టి నింపండి. ఉప్పు పోయడానికి ముందు నుంచే నింపాలి. సీసా మీద వారం పేరు రాయండి. కడిగిన సీసాలు పెట్టెలో పంపుతున్నాను.

ఆ బోరుకూ మీ బావికీ సంబంధం ఉంటే ఉప్పు వస్తుంది. లేకపోతే రాదు. ఏది నిజమైతే అది తెలుస్తుంది.

మధుకర్


నర్సింహులపేట
ఏప్రిల్ 9

మరిదికి,

సీసాల పెట్టె పంపుతున్న. దానికి ముందు జరిగింది చెప్త.

రంజిత్ ఒప్పుకోలే. "బండలు పగలగొట్టుకుంట కూసుంటే గిరాకీ వస్తదా? చిన్నాయినకు పొద్దు పోతలేనట్టున్నది" అన్నడు. ఆ మాటకు నాకు కోపమొచ్చింది. తెల్లారి కుర్చీ తీసుకపోయి పెట్రోలు పోసే మిషను ముంగట ఏసుకొని కూసున్న. చేతిల చెంబు.

"ఏందమ్మా గిది?"

"బావి నీళ్లు బిడ్డా. ఇప్పుడే తోడిన. తాగు. తాగితే లేస్త. బావి కూడ పూడ్చుకో, మాట మాట్లాడ."

ఎనుక లారీ ఆగింది. డ్రైవరు హారన్ కొట్టి "అవ్వా, జర జరుగు" అన్నడు. "నువ్వు తాగుతవా కొడుకా?" అని చెంబు వాని మూతి కాడ పెట్టిన. వాసన చూసి "నా బండికి డీజిలు గావాలె అవ్వా, పెట్రోలు వద్దు" అన్నడు. అక్కడున్నోళ్లంత నవ్విన్రు. రంజిత్ నవ్వలే. చెంబు నా చేతిలకెల్లి తీసుకున్నడు. మూతి దాంక తెచ్చిండు. ఆగిండు. కింద పెట్టి, "బంకు బంద్ పెట్టున్రి" అన్నడు.

నువ్వు రాసినట్టే చేసినం. నేను చూపిన కాడ నాలుగు బండలు లేపంగనే పాతబండ దొరికింది. దాన్ని పక్కకు జరిపితే గుప్పున కొట్టింది వాసన. అందరం ఎనుకకు జరిగినం. రంజిత్ మొఖం తెల్లవోయింది.

కొంచెం గాలి ఆడినంక, లోతెంతున్నదో అని రంజిత్ ఒక మట్టిబెడ్డ జారిడిసిండు. మేమంత చెవులు పెట్టినం. "ఎండిన బోరు గద, టప్‌మంటది" అన్నది లక్ష్మీనర్సమ్మ. ఆ దినం బోరేస్తుంటే చూసిన ముసలామె ఊళ్లె అదొక్కతే మిగిలింది.

టప్‌మనలే మరిదీ. బుడుంగుమన్నది.

లక్ష్మీనర్సమ్మ మెల్లగ కూలవడి బోరు పక్కన నేల మీద చెయ్యి పెట్టింది. "నీళ్లే" అన్నది. ఎండిందని మూసినం గద. లోపల నీళ్లున్నయి. ఎన్నేండ్ల సంది ఉన్నయో, మా కాళ్ల కింద.

ఉప్పు నేనే పోసిన.

సోమక్క


జనగామ
ఏప్రిల్ 17

వదినకు,

సీసాలు భోజనాల బల్ల మీద వరుసగా పెట్టాను. కిటికీ ఉన్న వైపు నుంచి మొదలుపెట్టాను. సునంద కూర్చునే వైపు అది.

ఉప్పు నీళ్లలో కరెంటు బాగా పారుతుంది. నా మీటరు చూపేది అదే. మొదటి సీసాలన్నింటికీ ఒకే అంకె. ఉప్పు పోసిన తరువాతి సీసాలకూ అదే. రాదనుకున్నాను. లేచి చాయ్ పెట్టుకున్నాను. తిరిగి వచ్చి, మీరు "బేస్తారం పొద్దుమీకి" అని రాసిన సీసాలో మీటరు ముంచాను. అంకె కదిలింది. మీటరు కడిగి మళ్లీ ముంచాను. అంతే ఉంది. తరువాతి సీసాలో ఇంకా పెరిగింది. ఆ తరువాతి దానిలో ఇంకా. చివరి సీసాల్లో మెల్లగా దిగింది.

ఉప్పు వచ్చింది.

ముప్పై ఏళ్లు ఈ పని చేశాను. భూమి లోపల నీటి దారులను కాగితం మీద ఎన్నో గీశాను. అవన్నీ ఊహించి గీసినవే. ఒక దారి ఈ చివర మొదలై, రాతిలోంచి చీకట్లో నడిచి, నా బల్ల మీదకు రావడం ఎన్నడూ చూడలేదు. చింతచెట్టు కింద నుంచి, మీ మడికట్ల కింద నుంచి, వెంట్రుక మందం చీలికలో. పైన మీరు నాట్లు వేశారు, పశువులు నడిచాయి, లారీలు తిరిగాయి. కింద అది పారుతూనే ఉంది.

ఆ బోరు ఎందుకు ఎండిందో ఇప్పుడు చెప్పగలను. అది ఎండలేదు. బోరు దిగేటప్పుడు లేచే రాతిపిండి ఒక్కోసారి సన్నని చీలికల మూతులను పూసేస్తుంది. కరువు ఏడు కనుక నీటి తోపుడు తక్కువ. పిండిని కడుక్కుని నీళ్లు రావడానికి కొంత కాలం పడుతుంది. మీరు ఆ సాయంత్రమే బండ కప్పారు. తరువాత మూత తీసి చూసినవారు లేరు.

కొబ్బరికాయ సంగతి నాకు తెలియదు. అది ఎందుకు లేస్తుందో నా చదువు చెప్పలేదు. ఆమె నిలబడ్డ చోటు మాత్రం సరైనది. నేను వెళ్లి చూపినా అంతకంటే మంచి చోటు చూపి ఉండను.

ఈ ఉత్తరం అందిన రోజే టాంకు ఖాళీ చేయించండి. మీ బావి మోటారు ఆపండి. పంపు సునంద బోరులో దించాలి. ఇన్నాళ్లూ మీ బావి లాగింది కనుక పెట్రోలు అటు వచ్చింది. ఇప్పుడు ఆమె బోరు లాగితే వెనక్కి పోతుంది. బావి బతకడానికి అదొక్కటే దారి.

మధుకర్


నర్సింహులపేట
మే 26

మరిదికి,

బావి పూడ్చుతనని మాట్లాడుకున్న జేసీబీ వచ్చింది. దానితోనే రంజిత్ టాంకు తవ్విచ్చిండు. పెట్రోలు కంపెనీ మనుషులు వచ్చి నిలవడి చూసిన్రు. టాంకు అడుగుకు శనగ్గింజంత తూటు. రంజిత్ దాంట్ల ఏలు పెట్టి చూసిండు. తర్వాత "అమ్మా, నాతోని రా" అన్నడు. ఎల్లేశ్ ఇంటికి పోయినం.

ఎల్లేశ్ పెండ్లాం స్వప్న వాకిట్లనే ఆపింది. "దొంగల ఇంటికొచ్చిన్రు. ఏం పోయిందో ఎతుక్కోన్రి" అన్నది.

"టాంకు కారింది ఎల్లన్నా. నీ మీద పెట్టిన" అన్నడు రంజిత్.

ఎల్లేశ్ మంచంల కెల్లి లేవలే. "నువ్వు కర్రను నమ్మినవు. ఆ కర్ర ముంచింది నేనే గద? తక్కువైందని వచ్చి చెప్పింది కూడ నేనే గద? దొంగతనం చేసేటోడు వచ్చి చెప్తడా?" అన్నడు.

రంజిత్ తల దించిండు. నా కొడుకు తల దించుడు నేను చూసుడు అదే మొదలు. ఎల్లేశ్ వారం సోంచాయించి పనికొచ్చిండు. ఇప్పుడు చెల్లె బోరు మీద పంపు నడిపేది ఆయనే.

పంపు దించిన దినం చెప్పాలె. స్విచ్చి ఏయంగనే ముందు గాలి తన్నింది, దగ్గింది, తర్వాత పోసింది. చెయ్యి మందం ధార. మురికి నీళ్లే, వాసన నీళ్లే. అయినా వాడకట్టంత వచ్చి చూసిన్రు. లక్ష్మీనర్సమ్మ అందరి మొఖాలు చూసి "ఇగ ఏమంటరే? సునంద బోరు పోసింది" అన్నది. ఆ నీళ్లు బొగ్గు పోసిన డ్రమ్ములల్ల నుంచి పోతున్నయి, బొగ్గు పెట్రోలును పట్టుకుంటదని నువ్వు ఎనుక ఇంకో ఉత్తరంల రాసినట్టే.

పంచాయతీల ఈ ఏడు ఆగుతమన్నరు. వచ్చే ఎండకాలంకు నీళ్లు బాగుపడకుంటే పూడ్చుడేనట.

నువ్వు లేకపోతివి చూసేటందుకు.

సోమక్క


భూపాలపల్లి
జూలై 18

వదినకు,

శ్రేయ దగ్గరకు వచ్చి పది రోజులైంది. ఆమె కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది, మీకు తెలుసు. మీరు పంపిన టాంకు గుంత మట్టిని తన ల్యాబులో పెట్టింది. నిన్న నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

ఒక చుక్క. ఆ చుక్క నిండా కదలికలు. సన్నని గింజల్లా ఉన్నాయి. పెట్రోలు మరకలు ఉన్నచోట గుంపులు కట్టాయి. "తింటున్నాయి నాన్నా" అంది శ్రేయ. ఇవి ఎవరూ తెచ్చి పోసినవి కావు. ఆ మట్టిలోవే. మనం చెడగొట్టినదాన్ని మనం చూడని ప్రాణులు తింటున్నాయి. వాటికి కావలసింది గాలి, కొంచెం తడి. ఈ సంగతి పుస్తకంలో చదివాను. కళ్లతో చూడడం వేరు. శ్రేయ క్లాసుకు పోయి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

తీసిన మట్టిని టార్పాలిన్ మీద పలుచగా పరిచి, అప్పుడప్పుడు తిరగెయ్యండి. పూర్తిగా ఎండిపోనివ్వకండి. వాటి పని అవి చేస్తాయి.

బోరు కథ శ్రేయకు చెప్పాను. వాళ్ల అమ్మ తనకూ చెప్పలేదట.

ఒకటి అడగాలి. ఇక్కడికి వచ్చే ముందు ఇల్లు సర్దాను. దేవుని అరలో ఎర్రగుడ్డలో కట్టిన కొబ్బరికాయ ఉంది. చాలా పాతది. ఊపితే లోపల గలగలమంటుంది. ఏ పూజదో నాకు తెలియదు. ఆమె దాన్ని అక్కడి నుంచి కదిలించేది కాదు. పారే నీళ్లలో వదలాలా? మీకు తెలిసి ఉంటుంది.

మధుకర్


నర్సింహులపేట
ఆగస్టు 2

మధుకరూ,

వదలకు. ఏ నీళ్లల్ల వదలకు.

ఆ దినం బోరు ఎండినంక అందరు ఇండ్లకు పోయిన్రు. కాయ చెల్క గట్టు మీద పడి ఉండె. మా అవ్వ పచ్చడికి కొడ్తనన్నది. చెల్లె ఇయ్యలే. "నీళ్లు పడ్డనాడే కొడుత" అని చున్నీల కట్టుకున్నది. నేను నవ్విన. పెండ్లయి జనగామకు పోయేనాడు పెట్టెల అది కనవడ్డది. "ఇంక గిదేందే?" అంటే "ఉండనీ అక్కా, తింటాందా?" అన్నది. తర్వాత నేను మర్చిపోయిన. అది మర్చిపోలే.

ఇగ నేనేం రాయాలె?

బావి మీద నెమలీక రంగులు పోయినయి. వాసన ఇంకా ఉన్నది, తక్కువైంది. సీసా పంపుతున్న.

సోమక్క


జనగామ
ఫిబ్రవరి 14

వదినకు,

వానలు పడ్డాక ల్యాబుకు పంపిన నీళ్లలో కొంచెం ఉంది. దీపావళి తరువాత పంపినదానిలో లేదు. నమ్మకం లేక మళ్లీ రెండుసార్లు, వేరే ల్యాబుకు పంపాను. లేదు. కాగితాలు రంజిత్‌కు పంపాను, పంచాయతీలో చదవమని. ఇక పూడ్చే మాట రాదు.

సునంద బోరు పంపు ఇంకో ఏడాది నడవాలి. ఎల్లేశ్‌కు చెప్పండి.

మీరు కిందటి నెల రాసినది చదివాను. బర్రె మన గోళెం దగ్గర ఆగి, మూతి పెట్టి, తల ఎత్తకుండా తాగిందని. ల్యాబు కాగితం కంటే ముందు అది చెప్పింది. మొదటిసారీ అదే ముందు చెప్పింది.

కాయ గుడ్డ విప్పలేదు. కాయలోని నీళ్లు ఎప్పుడో ఇంకిపోయి ఉంటాయి, కొబ్బరి మిగిలింది. బోరు దగ్గర కొట్టాలి. నేను కొట్టను, మీరూ వద్దు. శ్రేయ ఆదివారం భూపాలపల్లి నుంచి నేరుగా వస్తుంది. తనది కూడా ఓ పాజిటివే.

ఈ ఉత్తరం కార్గోలో రాదు. నేనే తెస్తున్నాను. నాలుగు రోజులు ఉంటాను.

బావి నీళ్లతో చాయ్ పెట్టండి.

మధుకర్